నాంచారమ్మ బరువు

నేను ఒక బరువు చూసే మిషన్ని. రైల్వే స్టేషన్లలో రంగు బల్బులు వెలిగించుకుని, చక్రాలు తిప్పి, అట్టముక్క మీద జాతకం అచ్చేసి ఇచ్చేవాళ్లు ఉంటారు చూడండి, ఆ డాబు మా ఇంటావంటా లేదు. నేను నేలమీద పడి ఉండే రకాన్ని. పళ్లెమంత రేకు ఒళ్లు, పైన గరుకు రబ్బరు, ముందువైపు గుండ్రటి అద్దం, దానికింద నూట ఇరవై దాకా అంకెలు, ఒక ముల్లు. ఎవరైనా నామీద నిలబడితే లోపల స్ప్రింగు సాగుతుంది, పళ్లచక్రం తిరుగుతుంది, ముల్లు వెళ్లి ఒక అంకె దగ్గర ఆగుతుంది. అంతకుమించి నాకు చదువు లేదు. ఎవరెందుకు పెరిగారో, ఎందుకు తగ్గారో అడిగే నోరు కూడా లేదు.

నన్ను చేసిన షెడ్డు ఏ ఊళ్లో ఉందో తెలియదు. రేకుల కప్పు మీద వాన చప్పుడు, ఒక ముసలి మేస్త్రి నూనె వేళ్లు మాత్రం గుర్తున్నాయి. పాతిక కిలోల ఇనప గుండు నామీద పెట్టడం, ముల్లు చూడటం, మర తిప్పడం, మళ్లీ పెట్టడం. పొద్దుటినుంచి అదే పని. నాలుగోసారికి ముల్లు సరిగ్గా పాతిక మీద నిలబడింది. ఆయన నన్ను పక్కకు తోసి తర్వాతి మిషన్ అందుకున్నాడు. నా పుట్టుకకు జరిగిన వేడుక అదే.

నా మొదటి యజమానులు చీరాలలో ఒక బ్యాంకు ఆఫీసరు గారు, ఆయన భార్య. ఇద్దరూ ఒళ్లు తగ్గాలని నన్ను కొన్నారు. మనుషులు బరువు చూసుకోవడం మీరెప్పుడైనా కిందనుంచి చూశారా? ఆయన ఎక్కేముందు వాచీ తీసేవాడు, కళ్లజోడు తీసేవాడు, జేబులో రుమాలు తీసేవాడు. ఎక్కాక ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవాడు, నా ముల్లుకేదో మొహమాటం ఉన్నట్టు. ఆవిడ గోడ మీద వేలు ఆనించి నిలబడేది. మూడో నెలకల్లా ఇద్దరూ నామీద అలిగారు. నన్ను మంచం కిందికి తోశారు. అక్కడ ఒక విరిగిన గొడుగు, పాత చెప్పుల జత, నేను కలిసి నాలుగేళ్లు కాపురం చేశాం. ఇల్లు మారే రోజున పాత సామాన్లు అడిగి తీసుకుపోయే ఒక సేవాసంస్థకు మమ్మల్ని ఇచ్చేశారు.

ఆ సంస్థ పని వయసు పెరిగినా బుద్ధి ఎదగని పెద్దవాళ్లను ఇళ్ల దగ్గరే కనిపెట్టుకుని ఉండటం. పిల్లలకైతే బడులున్నాయి, జాలిపడేవాళ్లున్నారు. ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు దాటినవాళ్లను ఎవరు పట్టించుకుంటారు? వాళ్లు ఏ మగ్గం పక్కనో, ఏ వంటింటి మూలనో కూర్చుని ఉంటారు. కడుపులో నొప్పంటే చెప్పలేరు. చెప్పినా అది వాళ్ల తిక్కలో భాగం అనుకుంటారు. అలాంటివాళ్లు నలభై ఒక్కమంది, వేటపాలెం చుట్టుపక్కల వీధుల్లో. నలభై ఒక్కమందికీ కలిపి ఒక్కతే నర్సు. పేరు దయామణి.

పాత సామాన్ల గుట్టలోంచి నన్ను తీసింది ఆమే. కొంగుతో అద్దం తుడిచి, చెప్పులు విప్పి, నామీద నిలబడింది. వాచీ తీయలేదు, ఊపిరి బిగబట్టలేదు. అరవై రెండు. "ఇంతేనా, ఇంకా ఎక్కువనుకున్నా" అని నవ్వింది. నా బతుకులో నన్ను చూసి నవ్విన మొదటి మనిషి ఆమె. మర్నాటినుంచి నేను ఆమె స్కూటీ ముందు, ఆమె పాదాల దగ్గర, గుడ్డసంచిలో ప్రయాణం మొదలుపెట్టాను.

దయామణికి నలభై అయిదుంటాయి. పొట్టి మనిషి, గట్టి చేతులు, గట్టి గొంతు. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు, ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆమే నామీద ఎక్కేది, తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కించేది. వాళ్లందరూ బతికి బయటపడ్డారని రుజువయ్యాక అసలు మనిషిని పిలిచేది. కొందరు నామీద ఎక్కి గెంతేవారు. ఒకాయన ప్రతినెలా నాకు దండం పెట్టి దిగేవాడు. నాకు సిగ్గేసేది కానీ, నిజం చెప్పొద్దూ, బాగానే ఉండేది.

నాంచారమ్మ దగ్గర మాత్రం ఈ పప్పులేవీ ఉడకలేదు.

నాంచారమ్మకు ముప్పై తొమ్మిదేళ్లు. అన్న భావనారాయణ నేతగాడు. ముందుగదిలో గుంటమగ్గం, దాని పక్కన రాట్నం. రాట్నం ముందు నాంచారమ్మ. అన్న నేసే చీరలకు నూలు కండెలన్నీ ఆమే చుట్టేది. మాటలు ఓ ఇరవై ముప్పై వచ్చు, అంకెలు రావు, కానీ ఆమె చుట్టిన కండెలో ఒక్క పోగు తెగదని భావనారాయణ గర్వంగా చెప్పేవాడు. వదిన తులశమ్మ. పొద్దున్నే ఆడబిడ్డకు తల దువ్వి, చీర కట్టి, రాట్నం దగ్గర కూర్చోబెట్టడం ఆమె పని. విసుక్కుంటూ చేసేది, ఒక్కరోజు కూడా మానేది కాదు.

నాంచారమ్మ మెడలో ఎప్పుడూ ఒక బట్టల కొట్టు సంచి వేలాడుతూ ఉండేది. చచ్చిపోయిన నాన్న మగ్గంలో పోగు అటూ ఇటూ విసరడానికి వాడిన నాడె ఒకటి, పౌడరు డబ్బా, పగిలిన అద్దం ముక్క, నాలుగు ఖాళీ కండెలు అందులో ఉన్న ఆస్తి. దాన్ని పైటకింద పెట్టి హత్తుకుని ఉండేది. ఎవరైనా ముట్టుకుంటే వీధంతా వినబడేలా అరిచేది. బరువు చూడాలంటే సంచి దించాలని ఇంతకుముందొచ్చినవాళ్లు పట్టుబట్టారట. ఒకామె లాక్కోబోయిందట. అప్పటినుంచి నర్సు అంటే తలుపు వెనక నక్కడమే.

దయామణి మూడు నెలలు ఓపిక పట్టింది. నన్ను నేలమీద పెట్టి, తను పక్కన కూర్చుని తులశమ్మతో కబుర్లాడి, వెళ్లిపోయేది. నాలుగో నెలలో నాంచారమ్మ తానే వచ్చి నా రబ్బరు మీద ఒక వేలు ఆనించి చూసింది. అయిదో నెలలో సంచితో సహా ఎక్కింది. "దించొద్దులేమ్మా, నీ సంచి నీదే" అంది దయామణి. ఆ రోజే ఇద్దరి మధ్యా ఒప్పందం కుదిరింది. ఒకే ఒక్కసారి, దయామణి చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడి, నాంచారమ్మ తన సంచిని నామీద పెట్టింది. కిలోంబావు. "నాంచారమ్మ బరువులో సంచి బరువు కిలోంబావు తీసివేయాలి" అని ఫైల్లో రాసుకుంది దయామణి. సంచిని మళ్లీ ముట్టుకోనని నాంచారమ్మ నెత్తిమీద చెయ్యిపెట్టి మాటిచ్చింది. ఆ మాట చివరిదాకా తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేది.

అంకెలు రాని మనిషికి తన బరువు తనకు తెలియాలని దయామణికి ఒక ఆలోచన వచ్చింది. గోళ్లరంగు సీసా తెచ్చి నా అద్దం మీద, నలభై ఆరు దగ్గర, ఎర్రగీత గీసింది. "ముల్లు ఈ గీత దగ్గరికి వచ్చిందనుకో, మనం గెలిచినట్టే" అంది. ముల్లు గీత మీదికి వస్తే చప్పట్లు కొట్టేది. స్టిక్కరు బొట్టు ఒకటి తీసి నాంచారమ్మ నుదుట అతికించేది. ఆ నవ్వు చూడాలి మీరు. నాంచారమ్మ ముల్లును ఒక్కసారి చూసి, ఇక కళ్లు తిప్పకుండా దయామణి ముఖాన్నే చూస్తూ ఉండేది.

ఏడాదిన్నర అలా గడిచింది. నెలకు ఒక మంగళవారం. ఆ రోజు పొద్దుటినుంచి కండెలు చుట్టదని, అరుగుమీద కూర్చుని స్కూటీ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంటుందని తులశమ్మ చెప్పేది. "మణక్క" అని పిలిచేది. ఆమెకొచ్చిన ముప్పై మాటల్లో అదొకటి చేరింది.

శివరాత్రి వెళ్లాక వచ్చిన మంగళవారం ముల్లు గీతకు రెండు కిలోలు ఇవతలే ఆగిపోయింది.

దయామణి ముఖం చిన్నబోయింది. ఆ రోజు ఆమెకు అప్పటికే నాలుగిళ్లు తిరిగిన అలసట, ఆఫీసులో ఏదో మాట పడొచ్చిన చికాకు ఉన్నాయి. "ఏంది నాంచారీ, తినట్లా? ఇట్టా తగ్గిపోతే నాకు బాధగా ఉండదా?" అంది. మందలింపు కూడా కాదది. కానీ చప్పట్లు లేవు. బొట్టు పెట్టడం మరిచిపోయింది. నాంచారమ్మ నామీదనుంచి దిగకుండా చాలాసేపు నిలబడింది.

తర్వాతి నెల ముల్లు సరిగ్గా గీత మీద ఉంది.

దయామణి గెంతినంత పని చేసింది. రెండు బొట్లు పెట్టింది. నేను మాత్రం అప్పుడే ఏదో తేడా పసిగట్టాను. మనిషి బరువు స్థిరంగా ఉండదు. ఊపిరి పీల్చినప్పుడల్లా, గుండె కొట్టుకున్నప్పుడల్లా ముల్లు సన్నగా వణుకుతుంది. రాయికి ఆ వణుకు లేదు. ఆ రోజు నాంచారమ్మ పాదాల్లో ఎప్పుడూ ఉండే వణుకు తగ్గింది. పైగా బరువంతా సంచి ఉన్న కుడివైపుకు ఒరిగిపోయి ఉంది. కదిలినప్పుడు పైటకింద టక్కుమని చిన్న చప్పుడు. వినగలిగినంత దగ్గర్లో ఉన్నది నేనొక్కణ్ణే.

ఇప్పుడు చెబుతున్నాను, అప్పుడు చెప్పలేకపోయాను. నాంచారమ్మ సంచిలో ఆ నెల మగ్గానికి కట్టే ఇనప గుండు ఒకటి చేరింది. మరుసటి నెల ఇంకొకటి. ఆపై నెల తలుపు కొట్టుకోకుండా పెట్టే రాయి. భావనారాయణ గుండ్ల కోసం మగ్గం గుంటంతా వెతికాడు. తులశమ్మ సన్నికల్లు పొత్రం కనబడక పక్కింటివాళ్ల మీద అనుమానపడి వాళ్లతో మాటలు మానేసింది. ఇల్లంతా వస్తువులు మాయమవుతుంటే, ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాని ఒకే ఒక్క మనిషి మూలన కూర్చుని కండెలు చుట్టుకుంటోంది. ఆమెకు అంత ఆలోచన ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఆమె లెక్క మాత్రం చాలా స్పష్టంగా ఉంది. ముల్లు గీత దగ్గరికి రాకపోతే మణక్కకు బాధ. మణక్కకు బాధ కలగకూడదు.

ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. అన్నం సగంలో వదిలేస్తోంది. పొట్టమీద చెయ్యి పెట్టుకుని వంగి కూర్చుంటోంది. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతోంది, దయామణి వచ్చేది పొద్దున పూట.

ఒక్క తులశమ్మకు తెలిసింది. ఎలా తెలిసిందో వినండి. వాళ్లు నేతగాళ్లు. బట్ట కొలత వాళ్లకు కళ్లలోనే ఉంటుంది. వైశాఖంలో ఒక మంగళవారం తులశమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి అంది:

"దయామణమ్మా, మా నాంచారమ్మ చిక్కిపోతంది. నీకు కనపడట్లా?"

"లేదే తులశమ్మా. బరువు అట్టాగే ఉంది."

"ఏమో తల్లీ. ఆ చీర మా ఆయన నేసిందే, కొలత నాకు తెలవదా? కుచ్చిళ్లు నాలుగు పోసేదాన్ని. మొన్న అయిదు వచ్చినయ్యి. ఇప్పుడు ఏడు వస్తన్నయ్యి. చీరేమన్నా పెరిగిద్దా?"

దయామణి నాంచారమ్మ వైపు చూసింది. చూసిందనే చెప్పాలి. చెంపలు లోపలికి పోయిన ముఖం, ఒంటినిండా పైట. ఒక్క క్షణం ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత నావైపు వంగి, అద్దం మీద వేలితో తట్టింది.

"ఇదిగో చూడు, నలభై ఆరు. శివరాత్రప్పుడే రెండు తగ్గింది, మళ్లీ పుంజుకుంది. ఎండలకి నీరసంగా ఉందిలే. మిషన్ చెప్తంది గదా."

మిషన్ చెప్తంది గదా. ఆ మాట నామీద ఇనప గుండులా పడింది. నామీద ఎన్ని వస్తువులున్నా నేను చెప్పేది ఒక్క అంకే. అందులో ఎంత మనిషో, ఎంత రాయో విడదీసి చెప్పడం నాకు చేతకాదు. తులశమ్మ నన్ను చూసి, చదువుకున్నామెను చూసి, లోపలికి వెళ్లిపోయింది. దయామణి ఫైల్లో "బరువు స్థిరం" అని రాసింది. ఆ ఫైలు చూసిన డాక్టరు గారు మనిషిని పిలిపించకుండానే సంతకం పెట్టారట. నాలుగు నెలలపాటు ఒక ఇల్లాలి కళ్లకంటే నా ముల్లుకే ఎక్కువ విలువ దక్కింది. ఇంత మర్యాద నాకు ఎప్పుడూ జరగలేదు. ఇంత సిగ్గూ ఎప్పుడూ పడలేదు.

ఆషాఢంలో మొదటి మంగళవారం. నాంచారమ్మ గోడ పట్టుకుని వచ్చింది. నామీద ఎక్కడానికి రెండుసార్లు కాలెత్తి రెండుసార్లూ దించేసింది. మూడోసారి ఎక్కింది. ముల్లు లేచి గీత దాటి అరకిలో ఎక్కువే చూపించింది.

"అబ్బో! మా నాంచారి గెలిచేసింది!" అని దయామణి చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు పూర్తి కాకముందే నాంచారమ్మ నామీదనుంచి పక్కకు ఒరిగి, చప్పుడు లేకుండా పడింది. చప్పుడు చేసింది సంచి. అది నేలకు తగలగానే నోరు తెరుచుకుంది.

దయామణి సంచిని చూడలేదు. వంగి, ఒక చెయ్యి మెడకింద, ఒక చెయ్యి మోకాళ్లకింద పెట్టి, నాంచారమ్మను ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది. గడప దగ్గర ఠక్కున ఆగిపోయింది. అటు ఆటో కోసం వీధిలోకి పరుగెడుతున్న భావనారాయణను పిలిచింది.

"అన్నా! పోయినేడు ఈమె కాలు బెణికితే ఇద్దరం కలిసి కూడా కష్టంగా లేపాం. ఇప్పుడు నేనొక్కదాన్నే ఎట్టా ఎత్తాను?"

ఆమె వెనక్కు తిరిగి నావైపు చూసింది. నా ముల్లు సున్నా మీద ఉంది. నా పక్కన నేలమీద రెండు ఇనప గుండ్లు, తలుపు రాయి, ఒక ఇటుక ముక్క. తులశమ్మ వంగి సన్నికల్లు పొత్రాన్ని రెండు చేతులతో ఎత్తింది. "నా పొత్రం" అంది. నవ్వబోయి భోరున ఏడ్చింది. దయామణి ఏడవలేదు. చేతుల్లో ఉన్న మనిషిని ఇంకా గట్టిగా దగ్గరికి తీసుకుని ఆటో ఎక్కింది.

ఆ హడావిడిలో నన్ను ఎవరూ తీసుకువెళ్లలేదు. నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను.

తర్వాతి సంగతులు మాటలు వినిపించినంత వరకే నాకు తెలుసు. పెద్దాసుపత్రిలో తూస్తే ముప్పై ఆరు కిలోలుందట. పొట్టలో టీబీ అన్నారట. ఇంకో నెల ఆలస్యమైతే దక్కేది కాదట. దయామణి అయిదు రోజులు మంచం పక్కనుంచి కదల్లేదని భావనారాయణ చెప్పాడు. ఆ చెప్పడంలో కోపం, దాని వెనక ఇంకేదో ఉన్నాయి. సంచిలో రాళ్లెందుకు పెట్టావని ఆసుపత్రిలో అందరూ అడిగారట. నాంచారమ్మ ఎవరికీ చెప్పలేదు. దయామణి అడగలేదట. ఆమెకు అడగాల్సిన పని లేదు.

పదిరోజుల తర్వాత సంస్థ కోఆర్డినేటరు గారు విచారణకు వచ్చారు. వెంట దయామణి. మనిషి ఒక్కసారిగా ముసలిదైపోయింది. కోఆర్డినేటరు గారు నన్ను చూసి, బూట్లతోనే ఎక్కారు. డెబ్భై ఎనిమిది. "కరెక్టే, పొద్దున జిమ్ములో కూడా ఇంతే చూపించింది" అన్నారు. దిగి, ఫైలు తెరిచి, గొంతు తగ్గించి అన్నారు:

"చూడండి దయామణి గారూ. మిషన్లో లోపం ఉందని రాసేద్దాం. మీకూ ఇబ్బంది ఉండదు, సంస్థకూ మాట రాదు."

డెబ్భై ఎనిమిదిని తన నోటితోనే ఒప్పుకున్న మనిషి! అరనిమిషం కాలేదు. మనుషుల్ని ఇన్నాళ్లు మోశాను కాబట్టి నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. రాసుకోనీ అనుకున్నాను కూడా. నామీద ఆ మచ్చ పడితే ఆమె నలభై ఒక్క ఇళ్లకూ మళ్లీ వెళ్తుంది. అంతకంటే నాకేం కావాలి?

దయామణి ఫైలు తన వైపుకు లాక్కుంది.

"మిషన్ బాగానే ఉంది సార్. తులశమ్మ చీర కుచ్చిళ్లు చూపించి చెప్పింది. నేనే మిషన్ చూపించి నోరు మూయించా. అదే రాస్తా."

అదే రాసింది. తన చేతి రాతతో, సంతకం పెట్టి. వంటింటి గుమ్మంలో నిలబడి తులశమ్మ అంతా విన్నది. కాసేపటికి ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి దయామణి చేతికిచ్చింది.

ఆ రాత ఫలితం వారంలోనే వచ్చింది. దయామణిని ఇళ్లకు తిరిగే పనినుంచి తప్పించి, ఒంగోలు ఆఫీసులో కాగితాల పనికి వేశారు. కేసు తేలేదాకా ఆ ఇళ్ల ఛాయలకు పోకూడదన్నారు. నన్ను వెనక్కు తీసుకుపోవడానికి కూడా ఎవరూ రాలేదు. కోఆర్డినేటరు గారు సామాన్ల రిజిస్టరులో తనకు నచ్చినట్టే రాసుకున్నారని తర్వాత తెలిసింది. ఒక కాగితంలో నేను నిజాయితీపరుణ్ణి, ఇంకో కాగితంలో పాడైనవాణ్ణి. తులశమ్మ నన్ను మగ్గం పక్కన బల్లకిందికి తోసి, నామీద నూలు చిలపల మూట పెట్టింది. మూట బరువు ఆరు కిలోలు. దానికి ఊపిరి లేదు, వణుకు లేదు. రోజంతా ముల్లు ఆరు దగ్గరే ఉండేది. మగ్గం చప్పుడు ఆగినప్పుడు నాకు భలే దిగులుగా ఉండేది.

నాంచారమ్మ శ్రావణంలో ఇంటికి వచ్చింది. ఒళ్లంతా ఎముకలే. ఆరు నెలలు మందులు వాడాలి. సంచిలోంచి బరువులన్నీ తీసేసి, నాన్న నాడె, పౌడరు డబ్బా మాత్రం ఉంచి ఇచ్చింది తులశమ్మ. నాంచారమ్మ దాన్ని మెడలో వేసుకోలేదు. మేకుకు తగిలించి వదిలేసింది.

మంగళవారం వచ్చింది. అరుగుమీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఏ మంగళవారం వస్తుందో ఆమెకు లెక్క తెలియదు కాబట్టి ప్రతి మంగళవారం కూర్చునేది. ఒంగోలు నుంచి దయామణి ఒకసారి ఫోన్ చేసింది. తులశమ్మ ఫోన్ తెచ్చి నాంచారమ్మ చెవి దగ్గర పెట్టింది. "నాంచారీ, బాగున్నావా తల్లీ?" అన్న గొంతు నాకూ వినిపించింది. నాంచారమ్మ ఫోన్ వైపు చూడలేదు. లేచి వాకిట్లోకి వెళ్లి వీధి అటూ ఇటూ చూసొచ్చింది.

"మణక్క రాదా?" అని అడిగింది వదిన్ని.

"ఆమెకు వేరే పని పడిందే."

"నేను తగ్గా. అందుకని."

"ఛ, కాదే పిచ్చిదానా" అంది తులశమ్మ. అంతకంటే ఏం చెబుతుంది? నీకోసం నిజం రాసినందుకు ఆమెను నీదగ్గరికి రానివ్వట్లేదని ఏ భాషలో చెబితే నాంచారమ్మకు అర్థమవుతుంది? నేనైతే మూటకింద పడి ఆ మాట విని ముక్కలైపోయాను.

ఆ రోజునుంచి నాంచారమ్మ తినడం మొదలుపెట్టింది. ఆకలితో కాదు, పనిలా తినేది. కండె చుట్టేటప్పుడు ఎంత శ్రద్ధో అంత శ్రద్ధ. చేదు మాత్రలు మారు మాట్లాడకుండా మింగేది. పెట్టిన గుడ్డు, పెట్టిన పప్పు, పళ్లెంలో మెతుకు మిగలనిచ్చేది కాదు. మింగుడుపడనప్పుడు కళ్లలో నీళ్లు తిరిగేవి, అయినా ఆపేది కాదు. మంగళవారం పొద్దున ఎవరూ చూడనప్పుడు మూట పక్కకు జరిపి, నన్ను బయటకు లాగి, వట్టి చేతులతో నామీద నిలబడేది. ముప్పై ఏడు. ముప్పై తొమ్మిది. నలభై ఒకటి. ఒట్టి పాదాలు, నిండు వణుకు. ఇన్నేళ్లలో నేను చెప్పిన నిజాలన్నిటిలోకీ ఇవే గొప్పవి. చూసేవాళ్లే లేరు. కుచ్చిళ్లు ఏడునుంచి అయిదుకు తగ్గాయని తులశమ్మ భర్తతో చెప్పుకుని సంబరపడింది.

మాఘమాసంలో, ఒక మంగళవారం, కొత్త నర్సు వచ్చింది. పేరు ప్రత్యూష. పాతికేళ్ల పిల్ల, నెమ్మదస్తురాలు, ఆమెను అనడానికి ఏమీ లేదు. నలభై ఒక్క ఇళ్లూ ఒక్క నెలలో తిరగమని పంపించారు. బ్యాగులోంచి అద్దంలా మెరిసే పల్చటి మిషన్ తీసి నేలమీద పెట్టింది. ముల్లు లేదు దానికి. ఎర్రటి అంకెలు వెలుగుతాయి.

"నాంచారమ్మగారూ, రండి, ఇక్కడ నిలబడండి."

నాంచారమ్మ ఆ మిషన్ వైపు చూడలేదు. గబగబా బల్ల దగ్గరికి వచ్చి, మూట తోసేసి, నన్ను రెండు చేతులతో లాక్కొచ్చి ప్రత్యూష కాళ్ల ముందు పెట్టింది. చెప్పులు లేవు, సంచి లేదు, చేతుల్లో ఏమీ లేదు. ఎక్కి నిలబడింది. నా ముల్లు ఎగిరి నలభై ఆరు దాటి, నలభై ఆరున్నర దగ్గర నిలబడి, ఆమె గుండెతో పాటు వణుకుతోంది. నిఖార్సయిన నలభై ఆరున్నర. నాంచారమ్మ తలెత్తి ప్రత్యూష ముఖంలోకి చూసింది.

ప్రత్యూష చేతిలో కాగితం చూసుకుంది.

"అయ్యో, అది వద్దండీ. అది పాడైన మిషన్ అని రిజిస్టర్లో ఉంది. దిగండి, దీని మీదికి రండి."

నాంచారమ్మ దిగలేదు. ప్రత్యూష చెయ్యి పట్టుకుని మెల్లగా దించింది. మెరిసే మిషన్ మీదికి రమ్మని మూడుసార్లు పిలిచింది. నాంచారమ్మ రాట్నం వెనక్కు వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది.

"పాత నర్సు దగ్గర కూడా ఇంతేనా అండీ?" అని అడిగింది ప్రత్యూష.

"ఆమె వస్తే ఎక్కుద్దమ్మా" అంది తులశమ్మ. "ఆమెను పంపిస్తారా?"

ప్రత్యూష గడియారం చూసుకుంది. ఇంకా ఏడిళ్లు తిరగాలి. ఫైలు మోకాలిమీద పెట్టుకుని రాసింది. రాసింది పైకి చదవడం ఆ పిల్లకు అలవాటు కాబోలు, నేను విన్నాను. "బరువు చూడలేదు. సహకరించలేదు."

ఆమె వెళ్లిపోయింది. తులశమ్మ నన్ను మళ్లీ బల్లకిందికి నెట్టి మూట పెట్టింది. మధ్యాహ్నం అయింది. అన్నం పెట్టమని వంటింట్లో పళ్లెం చప్పుడు. నాంచారమ్మ అన్నమంతా తినేసింది. తినేసి పళ్లెం ముందుకు జరిపింది.

"వదినా, ఇంకొంచెం పెట్టు" అంది.